ముఖం తీసేసిన ఫొటో

గుంటూరు బ్రాడీపేటలో నేను పనిచేసిన కలర్ ల్యాబు మూతపడేనాటికి నాకు నలభై దాటాయి. అంతవరకూ నా పనల్లా పెళ్లిఫొటోలు బాగుచేయడమే. పెళ్లికూతురి బుగ్గమీది మొటిమ తీసేయడం, పెళ్లికొడుకు మెడ దగ్గర చెమట తుడిచేయడం, వెనక వేలాడే కరెంటు తీగలు మాయం చేయడం. ఇక అందరూ అడిగి మరీ చేయించుకునేది రంగు తేల్చడం. "కాస్త తెల్లగా చెయ్యండి మేడం" అనని పెళ్లివారు నాకు తగల్లేదు. ఆ పనిలో నాకు మంచి పేరుండేది. నేను ఫొటోమీద చెయ్యి వేసినట్టే తెలియదని మా ఓనరు అందరితో చెప్పుకునేవాడు. విజయవాడలో పెద్ద మెషిన్లు వచ్చి ఆల్బాల పనంతా అటు పోయాక, ల్యాబు మూసేస్తూ ఆయన నేను వాడిన కంప్యూటరును నాకే ఇచ్చేశాడు. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు ఒకతని దగ్గర పాత కెమెరా కొనుక్కున్నాను. ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియక కొన్నాళ్లు ఊరికే కూర్చున్నాను.

నాతోపాటు ల్యాబులో పనిచేసి హైదరాబాద్ వెళ్లిపోయిన అమ్మాయి ఒకరోజు ఫోన్లో దారి చెప్పింది. ఇంటర్నెట్లో ఫొటోల ఏజెన్సీలు ఉంటాయట. మనం తీసిన ఫొటో వాళ్లకు నచ్చితే తమ దగ్గర పెట్టుకుంటారు. పుస్తకాలవాళ్లో, ప్రకటనలవాళ్లో కొనుక్కున్నప్పుడల్లా మనకు కొంత వస్తుంది. నేను వెంటనే మిరపకాయల ఫొటోలు పంపాను. గుంటూరులో కెమెరా ఉన్న ప్రతివాళ్లూ అవే పంపినట్టున్నారు, ఒక్కటీ తీసుకోలేదు.

"ఆటల ఫొటోలు పంపక్కా. మన పల్లెటూరి ఆడపిల్లలు ఆడుతున్నవి వాళ్ల దగ్గర తక్కువ" అంది ఆ అమ్మాయి.

ఆదివారం చర్చిలో నా పక్కన కూర్చునే ఆమె ఒక హైస్కూల్లో డ్రిల్లు టీచరు. నాకంటే చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది. ఆ స్కూలు చిలకలూరిపేట దాటాక అద్దంకి వైపు వెళ్లే దారిలో ఉంది. పత్తీ మిరపా తప్ప ఇంకోటి పండించని ఊరు. ఆవిడతో సంగతి చెప్పాను. "రా అక్కా, మా పిల్లల్ని తియ్యి. వాళ్లని ఎవరు తీశారు ఇంతవరకూ" అంది. హెడ్మాస్టరుతో తనే మాట్లాడి ఒప్పించింది. అలా శనివారాలు బస్సెక్కడం మొదలుపెట్టాను.

మొదట్లో పంపిన కబడ్డీ, ఖోఖో ఫొటోలన్నీ తిరిగొచ్చాయి. ఎందుకు తిప్పి పంపారో ప్రతిదానికీ ఒక ముక్క రాసేవాళ్లు. పిల్లలు వేసుకున్న టీషర్టులు ఒక విత్తనాల కంపెనీ ఉచితంగా ఇచ్చినవి. గుండెలమీద పెద్ద పత్తికాయ బొమ్మ, దానికింద కంపెనీ పేరు. పేర్లూ గుర్తులూ కనపడకూడదన్నారు. వెనక ప్రహరీ గోడమీద నాయకుల బొమ్మలున్నాయి. అవీ ఉండకూడదు. పిల్లలు ఆడేది సాయంత్రం బడి వదిలాక కాబట్టి వెలుతురు చాలక ఫొటోనిండా సన్నటి ఇసక చల్లినట్టు చుక్కలు వచ్చేవి. దాన్ని నాయిస్ అంటారు, అదీ పనికిరాదు. నేల వంకరగా ఉందని ఒకటి, కరెంటు స్తంభం పిల్ల తలలోంచి మొలిచినట్టుందని ఒకటి.

ఇవన్నీ నాకు చేతనైన పనులే. పత్తికాయల్ని చెరిపేశాను. గోడకు ఒకే రంగు పూశాను. స్తంభాలు పీకేశాను, వాటర్ ట్యాంకు తీసేశాను, నేల చదును చేశాను. చుక్కలు మెత్తబరచడం కొత్తగా నేర్చుకున్నాను. రెండో విడతలో కొన్ని తీసుకున్నారు. సంబరంగా వాటిని ఫోన్లో పెట్టుకుని వెళ్లి డ్రిల్లు టీచరుకు చూపించాను. ఆమె ఒక్కొక్కటే వేలితో జరుపుతూ చూసింది.

"ఇది ఏ ఊరక్కా?"

"మీ ఊరేనమ్మా."

"మా ట్యాంకేది? మా గోడేది? వేపచెట్టు కూడా లేదే. మా పిల్లల్ని తీసుకెళ్లి ఎక్కడో నిలబెట్టావు."

"కొనేవాళ్లకి అది ఏ ఊరో తెలియకూడదు. ఏ ఊరైనా అనుకునేట్టుండాలి."

ఆమె నవ్వి ఫోను తిరిగిచ్చింది. "సర్లే. పిల్లలైతే మావాళ్లే కదా" అంది.

ఆ పిల్లల్లో ఒక అమ్మాయి లాంగ్ జంప్ చేసేది. అప్పుడు పదో తరగతి. పొడుగ్గా, సన్నగా, కాళ్లే ఎక్కువగా కనిపించే పిల్ల. రెండు జడలూ పైకి మడిచి ఎర్ర రిబ్బన్లతో కట్టుకునేది. తెల్లారి లేచి అమ్మతోపాటు మిరపకోతకు వెళ్లి, బడి వేళకు పరిగెత్తుకొచ్చేది. కాయలు కోసీకోసీ ఒక వేలి గోరు పక్కన చర్మం చీలిపోతే, కారం తగలకుండా పాత చీర పేలిక చుట్టుకునేది. మాటలు తక్కువ. మిగతా పిల్లలు కెమెరా చూడగానే రెండు వేళ్లు చూపించి నిలబడేవాళ్లు. ఈ పిల్ల మాత్రం నావైపు చూసేది కాదు, ఇసక గుంటవైపే చూసేది. ఆ గుంటలో ఇసక కూడా డ్రిల్లు టీచరు ఎవరో ఇల్లు కడుతుంటే అడిగి ట్రాక్టరుతో పోయించింది. పరిగెత్తే దారి ఉట్టి నల్లరేగడి. పిల్లలే నీళ్లు చల్లి, తొక్కి, గట్టిచేసుకునేవాళ్లు.

శివరాత్రి వెళ్లిన వారం అనుకుంటాను, సాయంత్రం ఎండ వాలుతుండగా నేను గుంటకు అవతల నేలమీద బోర్లా పడుకున్నాను. కిందినుంచి తీస్తే పిల్ల ఆకాశంలో ఉన్నట్టు వస్తుంది. ఆమె ఎన్నోసార్లు దూకింది, నేను ఎన్నోసార్లు తీశాను. వాటిలో ఒకటి కుదిరింది. రెండు కాళ్లూ ముందుకు చాపి, చేతులు పైకెత్తి, ఇంకా కింద పడటం మొదలుపెట్టని క్షణం. వెనక ఊరి కల్లాల్లో ఎండబోసిన మిరపకాయలు ఎర్ర గీతలా కనిపిస్తున్నాయి, వాటిపైన సూర్యుడు. ముఖం కొంచెం నీడలో పడింది గానీ బాగానే కనిపిస్తోంది. పళ్లు బిగపట్టింది, ఒక కన్ను మూసుకుపోయింది, పెదవి ఒక పక్కకు లాక్కుపోయింది. అది అందమైన ముఖం కాదు. ల్యాబులో ఎవరైనా అలాంటి ఫొటో తెస్తే ఇంకోటి లేదా అని అడిగేదాన్ని. కానీ ఇన్నేళ్లలో నేను సరిచేసిన వేల ముఖాల్లో ఒక్కదానిలోనూ అంత ప్రాణం చూసినట్టు లేదు. కెమెరా వెనక తెరమీద దాన్ని చూసి నేలమీదే కాసేపు ఉండిపోయాను.

ముఖం గుర్తుపట్టేలా ఉన్న ఫొటో పంపాలంటే ఆ మనిషి అనుమతి పత్రంమీద సంతకం చెయ్యాలి. పిల్లలైతే తల్లో తండ్రో చెయ్యాలి. అంతకుముందు తీసుకున్న ఫొటోలకు పిల్లల అమ్మానాన్నలు టీచరు మాటమీద సంతకాలు పెట్టేశారు. ఈ అమ్మాయి తండ్రిని మాత్రం మేమే వెళ్లి కలిశాం. ఆయన కౌలుకు చేసే రైతు. టీచరు స్కూటీ మీద కల్లం దగ్గరికి వెళ్లేసరికి టార్పాలిన్ పట్టామీద కాయలు తిరగేస్తున్నాడు. ఆయన భార్య ఒక పక్కన కూర్చుని రంగు మారిన తాలుకాయలు ఏరుతోంది. ఘాటుకు నాకు వెంటనే దగ్గొచ్చింది.

"అన్నా, ఈమె గుంటూరు నుంచి వచ్చారు. మన పాప దూకుతుంటే ఫొటో తీశారు. ఎంత బాగా వచ్చిందో. మీరొక సంతకం పెట్టాలి" అంది టీచరు.

ఆయన చేతులు దులుపుకుని వచ్చాడు. "ఏ పేపర్లో వేస్తారు?"

"పేపర్లో కాదండీ. ఇంటర్నెట్లో పెడతారు. కావాల్సినవాళ్లు కొనుక్కుంటారు" అన్నాను.

"ఎవరు కొనుక్కుంటారు?"

"అది మనకి తెలీదండీ."

"కొనుక్కుని ఏం చేస్తారు?"

"పుస్తకాల మీద, ప్రకటనల్లో వాడతారు."

"కింద ఏం రాస్తారు?"

"వాళ్లకి కావాల్సింది రాసుకుంటారండీ" అన్నాను.

ఆయన పట్టా అంచున గొంతుక్కూర్చున్నాడు. కోపం లేదు ఆయన గొంతులో. "ఒక సంగతి చెబుతా వినమ్మా. ఈ పిల్ల చిన్నప్పుడు, పత్తికి మందు కొట్టి గట్టుమీద కూర్చున్నా. ఎండగా ఉంటే నెత్తిన చెయ్యి పెట్టుకున్నా. రోడ్డుమీద కారాపి ఎవరో ఫొటో తీసుకుని ఎల్లిపోయాడు. పేరడగలేదు, ఊరడగలేదు. నేనూ పోనీలే అనుకున్నా. కొన్నాళ్లకి అది పేపర్లో వచ్చింది. అప్పులు తీరక మందు తాగి చచ్చిపోయిన రైతుల గురించి రాసి, మజ్జలో నా బొమ్మేశారు."

"మా అన్నయ్యావాళ్లు ఆటోలో ఏడ్చుకుంటా దిగారు" అంది ఆయన భార్య, చేతిలో పని ఆపకుండానే. "మా అత్త ఆ దడుపుకి మంచం పట్టింది."

"ఆ యేడు పత్తి బానే పండిందమ్మా, చిత్రమేంటంటే" అన్నాడు ఆయన. "నేను ఆ పేపరు పట్టుకుని వాళ్ల ఆఫీసుకెల్లి అడిగా. బతికున్నోణ్ణి కదయ్యా నేను అన్నా. కింద చిన్న అక్షరాలు చూపించాడు. ఫైల్ ఫొటో అని రాసుంది. అలా రాస్తే తప్పు లేదంట. అందుకని, కింద ఏం రాస్తారో తెలిస్తే చెప్పండి, ఇప్పుడే పెడతా సంతకం. తెలియకపోతే వద్దు. ఆడపిల్ల."

టీచరు నావైపు చూసింది. నేను కెమెరా ఆన్ చేసి, "పోనీ ఒకసారి ఫొటో చూడండి" అని ఆయన ముందు పెట్టబోయాను. ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"వద్దులేమ్మా. చూస్తే మళ్లీ కాదనలేను."

మజ్జిగ ఇచ్చారు. తాగి వచ్చేశాం. ఆయన మాటల్లో నేను కాదనగలిగింది ఏమీ లేదు. అయినా ఆయన ఆరోజు ఆ ఫొటో చూడాల్సింది, నేను ఇంకొక్కసారి బతిమాలాల్సింది అని ఇప్పటికీ అనిపిస్తుంది. సంతకం కోసం కాదు.

స్కూలు గేటు దగ్గర ఆ అమ్మాయి నిలబడి ఉంది. టీచరు తల అడ్డంగా ఊపింది. పిల్ల నా దగ్గరికొచ్చింది. "ఒకసారి చూడొచ్చా మేడం?" అంది నాతో. కెమెరా ఇచ్చాను. చాలాసేపు చూసింది. "నేను ఇట్టా ఉంటానా" అని నోరు చేత్తో మూసుకుని నవ్వింది.

కొద్దిరోజులకు టీచరు ఫోన్ చేసింది. పిల్ల ఆ ఫొటో గురించి అడుగుతూనే ఉందట. మనిషిని గుర్తుపట్టలేనట్టుంటే సంతకం అక్కర్లేదన్న సంగతి నాకు తెలుసు. సూర్యుడికి ఎదురుగా తీసిన ఫొటో కాబట్టి మనిషిని మొత్తం నల్లటి నీడగా మార్చడం తేలిక. అదే చెప్పాను. "అయినా వాళ్ల నాన్నని అడగమ్మా. ఆయన వద్దంటే వద్దు" అన్నాను. టీచరు అడిగింది. "మొహం లేకపోతే ఇంకెవరిదైతే ఏంటి. కానీండి" అన్నాడట.

ఒక మధ్యాహ్నం కూర్చుని ఆ పని చేశాను. ముందు ముఖాన్ని నలుపులో ముంచాను. తర్వాత టీషర్టును, పత్తికాయను. అప్పుడు అంచులు మిగిలాయి. నీడబొమ్మలో అంచే మనిషి, అది శుభ్రంగా లేకపోతే చూసేవాళ్లకు అర్థం కాదు. వదులుగా ఉన్న టీషర్టు గాలికి ఉబ్బి పొట్ట ఉన్నట్టు కనిపిస్తోంది, దాన్ని లోపలికి నొక్కాను. రిబ్బన్లు చెవుల దగ్గర కొమ్ముల్లా ఉన్నాయి, తీసేశాను. వేలికి చుట్టిన పేలిక కొస ఎగిరి ఆరో వేలులా వచ్చింది. అదీ తీసేశాను. వెనక కల్లాలు అడ్డమని ఆకాశాన్ని కిందిదాకా దించి నారింజ రంగు పెంచాను. చివరికి బంగారు రంగు ఆకాశంలో నల్లగా, నున్నగా ఒక అమ్మాయి ఎగురుతోంది. పంపిన మర్నాటికే తీసుకున్నారు. ఒక్క తప్పూ పట్టలేదు. నేను పంపినవాటిలో అన్నిటికంటే ఎక్కువమంది కొనుక్కున్నది కూడా అదే.

ఆ పిల్ల జిల్లా పోటీల్లో మొదటి స్థానం తెచ్చుకుంది. రాష్ట్రం పోటీలకు వెళ్లే ముందు స్కూల్లో సాధన చేస్తుంటే చీలమండ మెలిపడింది. వానకు గుంటలో ఇసక గట్టిపడిపోయి ఉందట. కట్టు కట్టించుకుని ఇంట్లో కూర్చుంది. పదిలో మంచి మార్కులొచ్చాయి. టీచరు స్పోర్ట్స్ స్కూలుకు దరఖాస్తు పెడదామని తండ్రిని అడిగితే, ఆయన కాలు చూపించి, "ముందు చదువుకోనీ మేడం. దూకడానిదేముంది, వచ్చే యేడు చూద్దాం" అన్నాడు. ఫీజులో రాయితీ ఇస్తామని గుంటూరులో ఒక కాలేజీవాళ్లు ఊరొచ్చి మరీ చేర్చుకున్నారు. హాస్టలు, కాలేజీ అన్నీ ఒకే మేడలో. ఆ మేడకు ఆట స్థలం లేదు. పైన డాబా ఉంది, దానికి ఇనప వల కట్టారు.

ఆ ఏడాది ఎండాకాలంలో బ్రాడీపేట నుంచి షేర్ ఆటోలో వస్తూ ఆ కాలేజీ హోర్డింగు చూశాను. నా బంగారు ఆకాశం, అందులో నల్లటి అమ్మాయి. కింద ర్యాంకులు, ఫొటోలు, ఫోన్ నంబర్లు. తర్వాత వాళ్ల బస్సులమీదా అదే బొమ్మ వచ్చింది. నాకు ముందు గర్వంగానే అనిపించింది. మా ఆయన్ని తీసుకెళ్లి చూపించాను కూడా. ఆ పిల్ల చేరింది ఆ కాలేజీలోనే అన్న సంగతి నాకు అప్పటికి తెలియదు.

ఒక ఆదివారం ఆ అమ్మాయి మా ఇంటికొచ్చింది. టీచరు దగ్గర అడ్రసు తీసుకుని, వార్డెనును ఔటింగుకు అడిగి వచ్చిందట. కొంచెం ఒళ్లు చేసింది, కళ్లద్దాలు వచ్చాయి. నేను ఇచ్చిన టీ చేతిలో పట్టుకుని చాలాసేపు ఊరి సంగతులు చెప్పింది. తర్వాత అసలు సంగతికొచ్చింది.

"ఆంటీ, కాలేజీ బోర్డుమీద ఉన్నది నేనే కదా?"

"నువ్వేనమ్మా."

"మా రూములో వాళ్లకి చెప్పాను. నవ్వారు. వార్డెనుక్కూడా చెప్పారు. ఆమె 'అవునే, సినిమా హీరోయిన్ కూడా నువ్వేగా' అంది. నేను మెయిన్ గేటు దగ్గర బోర్డు కిందకి తీసుకెళ్లి చూపిద్దామనుకున్నా. నా వేలికి పేలిక ఉంటదిగా, దాని కొస ఎగిరి ఉంటది, మీ కెమెరాలో చూశాను. అది చూపిస్తే నమ్ముతారనుకున్నా." టీ కప్పు కింద పెట్టింది. "అక్కడ లేదాంటీ. రిబ్బన్లు కూడా లేవు. నాకే డౌటొచ్చింది, నేను కాదేమో అని."

నేను తీసేశానని చెప్పాను. ఎందుకు తీయాల్సొచ్చిందో కూడా చెప్పాను. ఆమె తల ఊపింది. అర్థమైనట్టే ఊపింది.

అసలు ఫొటో నా దగ్గర భద్రంగానే ఉంది. కంప్యూటరులో తెరిచి చూపించాను. కుర్చీ దగ్గరికి లాక్కుని చూసింది. వేలితో తెరను తాకకుండా తాకినట్టు, పేలిక దగ్గర, మూసుకున్న కన్ను దగ్గర చూపించుకుంది. "ఇప్పుడు అంత ఎగరలేనాంటీ. మొన్న డాబామీద ఊరికే దూకి చూశా. కాలు వణికింది" అంది. ప్రింటు తీయించి ఇస్తానంటే వద్దంది. హాస్టల్లో మళ్లీ నవ్వుతారట. "నాన్న వచ్చినప్పుడు ఒకసారి చూపించండి" అని మాత్రం అడిగింది.

ఆయన మరుసటి ఏడాది మిరపకాయలు గుంటూరు మార్కెట్ యార్డుకు తెచ్చినప్పుడు వచ్చాడు. కాటా కావడం ఆలస్యమైందట, చొక్కానిండా మిరప దుమ్ము. కూతుర్ని హాస్టలు నుంచి వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు. నేను ఫొటో తెరిచాను. తెరంతా నిండేలా పెట్టాను.

ఆయన తెర ముందుకొచ్చాడు. ముఖం దగ్గరికి వంగి చూశాడు, మళ్లీ వెనక్కి జరిగి చూశాడు.

"ఎంత దూరం దూకిందమ్మా ఇది?"

నేను చెప్పేలోపు కూతురే చెప్పింది. "మన కల్లం పట్టా ఉందిగా నాన్నా, దాదాపు అంత."

"పట్టా అంతా?"

"ఆఁ."

ఆయన వెనక్కి తిరిగి కూతురి కాళ్లవైపు చూశాడు. "నేనొక్కసారి కూడా చూళ్లేదమ్మా" అన్నాడు నాతో. "బడి పక్కనించే పోతా రోజూ. ఆ టైముకి కోతలు, కూలోళ్లు, ఆ గోల. ఏదో పిల్లలు గెంతుతున్నారులే అనుకునేవాణ్ణి." మళ్లీ కూతురితో అన్నాడు, "ఈసారి ఊరొచ్చినప్పుడు దూకు. చూస్తా."

"ఇప్పుడు రాదు నాన్నా."

"ఎందుకు రాదు?"

"మానేస్తే రాదు."

ఆయన అప్పుడు కూర్చున్నాడు. మంచినీళ్లు ఇస్తే తాగాడు. లేచేముందు, "ఆ సంతకం ఎక్కడ పెట్టాలమ్మా? అప్పుడన్నారే. పెడతా. కింద వాళ్ల ఇష్టమొచ్చింది రాసుకోనీ" అన్నాడు. పెట్టించుకున్నాను. పక్కన కూతురు నిలబడి, తండ్రి పేరులో ఒక్కో అక్షరం రాస్తుంటే చూస్తోంది.

నేను అసలు ఫొటోను ఈసారి చెయ్యి పెట్టీ పెట్టనట్టు సరిచేశాను. పత్తికాయ ఒక్కటి తీసేసి, మిగతాదంతా ఉన్నదున్నట్టు ఉంచాను. రిబ్బన్లు, పేలిక, కల్లాలు, అన్నీ. పంపితే తిరిగొచ్చింది. ఇలాంటిదే మీరు ఇంతకుముందు పంపారు, అది మా దగ్గర ఉంది అన్నారు. అదే ఆకాశం, అదే భంగిమ. నిజమే. దాని నీడ దానికే అడ్డమొచ్చింది. కొన్నిరోజులు ఆలోచించి నీడబొమ్మను ఏజెన్సీ నుంచి తీసేశాను. అప్పటికే కొనుక్కున్నవాళ్ల దగ్గర ఎటూ ఉంటుంది, కాలేజీ బస్సులమీద తిరుగుతూనే ఉంటుంది. ఇకమీదట కొనేవాళ్లకైనా ముఖమున్నది దొరకాలనుకున్నాను. మళ్లీ పంపాను. ఈసారి ఇంకో కారణం. ముఖంలో నాయిస్ ఉంది, స్పష్టత లేదు అన్నారు.

అదీ నిజమే. పాత కెమెరా, సాయంత్రం వెలుతురు, నీడలో ఉన్న ముఖం. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ పెద్దది చేస్తే చుక్కలు కనిపిస్తాయి. చుక్కలు మెత్తబరిస్తే పెదవి మీది బిగువు పోయి ముఖం మైనం ముద్దలా అయింది. బిగువు ఉంచితే చుక్కలు ఉన్నాయి. వారాల తరబడి దానిమీదే కూర్చున్నాను. ఈమధ్య వచ్చిన కొత్త సాఫ్ట్‌వేర్లు పాడైన ముఖాన్ని తమంతట తామే బాగుచేస్తాయంటే అదీ చేసి చూశాను. క్షణంలో చేసిపెట్టింది. చక్కటి ముఖం. రెండు కళ్లూ తెరిచి ఉన్నాయి, పళ్ల వరస ముత్యాల్లా ఉంది, చర్మంమీద మచ్చ లేదు. ల్యాబులో అయితే అందరూ మెచ్చుకునేవాళ్లు. ఆ అమ్మాయెవరో నాకు తెలియదు. దాన్ని సేవ్ చేయకుండా మూసేశాను.

ఆ పిల్ల ఇప్పుడు ఒంగోలులో నర్సింగు చదువుతోంది. సంగతి చెప్పాలని ఫోన్ చేశాను. ఎప్పుడో మరిచిపోయి ఉంటుందనుకున్నాను గానీ వెంటనే అడిగింది.

"తీసుకున్నారా ఆంటీ?"

"లేదమ్మా. ముఖం సరిగ్గా రాలేదన్నారు."

"పోన్లెండి." అవతల ఎవరో ఆమెను పిలుస్తున్నారు. "ఆ నల్లబొమ్మ ఉందిగా ఎటూ."

"అది తీసేశానమ్మా. అది ఉంటే దీన్ని తీసుకోవట్లేదని."

"తీసేశారా?" అంది. "అయ్యో, ఎందుకు తీశారాంటీ. మా క్లాసులో ఒకమ్మాయి రికార్డు బుక్కు అట్టమీద అది వచ్చింది. నేనేనని చెబితే ఈ అమ్మాయి నమ్మింది. ఇంకా ఎక్కడెక్కడ వస్తదో చూస్తున్నాం ఇద్దరం."

నీడబొమ్మను మళ్లీ పెట్టడానికి ప్రయత్నించాను. ఒకసారి తీసేసినదాన్ని ఏజెన్సీవాళ్లు కొత్తదాన్ని చూసినట్టే చూస్తారు. సూర్యాస్తమయంలో ఎగిరే మనుషుల బొమ్మలు ఇప్పుడు మెషిన్లే లెక్కలేనన్ని తయారుచేస్తున్నాయి. ఇలాంటివి మా దగ్గర చాలా ఉన్నాయని ఒక ముక్క రాసి తిప్పి పంపారు.

ఆ మాట ఇంకా ఆ అమ్మాయికి చెప్పలేదు. పరీక్షల్లో ఉంది. అయ్యాక ఇంటికి రమ్మన్నాను, వస్తానంది.